బిల్ గేట్స్

మూడవ విలియం హెన్రీ గేట్స్ (జననము: అక్టోబరు 28, 1955) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రముఖ పారిశ్రామికవేత్త, కంప్యూటరు ప్రోగ్రాముల రచయిత, దాత. ప్రపంచానికి ఇతడు బిల్ గేట్స్ అన్న పేరుతోనే పరిచితుడు. బాల్యమిత్రుడు పాల్ అలెన్‌తో కలిసి 1975లో మైక్రోసాఫ్ట్ సంస్థను స్థాపించాడు. పర్సనల్ కంప్యూటరు ఇళ్ళకూ, కార్యాలయాలకూ, పాఠశాలలకూ చేరడానికి కారకులైన కొద్దిమందిలో ఇతడొకడు. గేట్స్ కంప్యూటరును కనిపెట్టాడని మన పాఠశాలల్లో అప్పుడప్పుడు వినిపించే మాట సరికాదు. ఇతడు కంప్యూటరును కనిపెట్టలేదు, తయారు చేయనూ లేదు. దానిని నడిపించే సాఫ్ట్‌వేరును సమకూర్చి, వాడుకొనే అనుమతిని మాత్రమే అమ్మి, సాఫ్ట్‌వేరుపై యాజమాన్యమును తనవద్దనే ఉంచుకొన్నాడు. ఇతని సంపదకు మూలము ఈ ఏర్పాటులోనే ఉన్నది. ఇతనిపై చెలరేగిన వివాదాలలో చాలావాటికి మూలము కూడా ఇదే.

1995 నుండి 2017 వరకు గల కాలములో అధిక సంవత్సరాలు ఫోర్బ్స్ పత్రిక వెలువరించే ప్రపంచ సంపన్నుల జాబితాలో గేట్స్ ప్రథమ స్థానములో నిలిచాడు. 2000 తరువాత తన కాలమునూ, ధనమునూ క్రమముగా ప్రజారోగ్యము వైపు మళ్ళించాడు. ఇతని వృత్తి జీవితమూ, దాతృత్వమూ రెండూ తెలుగునేలను తాకినవే.

బాల్యము, కుటుంబము

గేట్స్ వాషింగ్టన్ రాష్ట్రములోని సియాటిల్ నగరములో ఒక సంపన్న కుటుంబములో జన్మించాడు. తండ్రి విలియం గేట్స్ సీనియర్ పేరుపొందిన న్యాయవాది. తల్లి మేరీ మాక్స్‌వెల్ గేట్స్ కొంతకాలము ఉపాధ్యాయినిగా పనిచేసి, తరువాత వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పాలకమండలిలోనూ, యునైటెడ్ వే అనే సేవాసంస్థలోనూ ప్రముఖ పాత్ర వహించింది. ఆ సంస్థ జాతీయ మండలిలో ఐ.బి.ఎం. అధినేత జాన్ ఓపెల్ కూడా సభ్యుడు. ఈ పరిచయము సంగతి మున్ముందు మళ్ళీ వస్తుంది. గేట్స్‌కు ఒక అక్క, ఒక చెల్లెలు ఉన్నారు. వంశములో ఆ పేరు గలవారిలో తరువాతివాడు కావడముచేత ఇంట్లోవారు ఇతనిని "ట్రే" అని పిలిచేవారు. పేకాటలో మూడు చుక్కల ముక్కకు ఆంగ్లములో ఆ పేరు.

1967లో తల్లిదండ్రులు ఇతనిని లేక్‌సైడ్ అనే ప్రైవేటు పాఠశాలలో చేర్పించారు. మరుసటి సంవత్సరము ఆ పాఠశాల విద్యార్థుల తల్లుల సంఘము పాత వస్తువుల అమ్మకము జరిపి, వచ్చిన సొమ్ముతో ఒక టెలిటైపు యంత్రమునూ, దూరాన ఉన్న జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కంప్యూటరుపై కొన్ని గంటల వాడకమునూ సమకూర్చింది. ఆ రోజుల్లో అనేక విశ్వవిద్యాలయాల విద్యార్థులకు కూడా కంప్యూటరును స్వయముగా తాకే అవకాశము ఉండేది కాదు. పదమూడేళ్ళ గేట్స్ ఈ యంత్రముపై వ్రాసిన తొలి ప్రోగ్రాము టిక్-టాక్-టో ఆట. తన విజయానికి ప్రతిభతో పాటు ఈ అదృష్టమూ కారణమని గేట్స్ తరువాతి కాలములో పలుమార్లు చెప్పాడు. జీవితచరిత్రకారులు ఈ మాటను వినయముగా భావించి దాటవేయరాదు. అదే సంవత్సరములో, అదే వయసులో, అంతే తెలివి గల బాలుడు మరొక ఊరిలో పుట్టి ఉంటే అతనికి టెలిటైపు దొరికేది కాదు.

పాఠశాలలో రెండేళ్ళు పెద్దవాడైన పాల్ అలెన్, రిక్ వీలండ్, కెంట్ ఎవాన్స్ అనే సహాధ్యాయులతో గేట్స్‌కు స్నేహము కుదిరింది. సియాటిల్‌లోని కంప్యూటర్ సెంటర్ కార్పొరేషన్ అనే సంస్థ తన పి.డి.పి.-10 యంత్రాన్ని గంటల లెక్కన అద్దెకిచ్చేది. ఈ బాలురు దానిలోని లోపాలను ఉపయోగించుకొని ఉచితముగా వాడుకొంటున్నారని కనిపెట్టి, ఆ సంస్థ వారిని కొంతకాలము నిషేధించింది. తరువాత ఆ లోపాలనే వెతికిపెట్టే పని వారికి అప్పగించి, ప్రతిఫలముగా యంత్రాన్ని ఉచితముగా వాడుకోనిచ్చింది. రాత్రివేళల్లో ఆ కార్యాలయపు చెత్తడబ్బాలను వెతికి, ఇంజనీర్లు పారవేసిన ప్రోగ్రాముల కాగితాలను చదివి వీరు చాలా నేర్చుకొన్నారు. ఆప్తమిత్రుడైన కెంట్ ఎవాన్స్ 1972లో పర్వతారోహణ చేస్తూ ప్రమాదవశాత్తు మరణించాడు. పాఠశాల తరగతుల వేళాపట్టికను తయారుచేసే ప్రోగ్రామును గేట్స్ అటుపిమ్మట అలెన్ తోడ్పాటుతో పూర్తిచేశాడు.

రహదారులపై వాహనాల సంఖ్యను నమోదు చేసిన కాగితపు పట్టీలను చదివి లెక్కకట్టేందుకు గేట్స్, అలెన్ "ట్రాఫ్-ఓ-డేటా" అనే చిన్న సంస్థను నెలకొల్పారు. ఇందుకోసము 360 డాలర్లు వెచ్చించి ఇంటెల్ 8008 మైక్రోప్రాసెసరును కొన్నారు. వ్యాపారముగా అది పెద్దగా రాణించలేదు గాని, ఒక విద్య మాత్రము అబ్బింది. చిన్న చిప్ ఎలా పనిచేస్తుందో పెద్ద కంప్యూటరుపై అనుకరించి, ఆ అనుకరణపైనే ప్రోగ్రాములు వ్రాసి పరీక్షించే పద్ధతిని అలెన్ రూపొందించాడు.

1973లో గేట్స్ హార్వర్డ్ విశ్వవిద్యాలయములో చేరాడు. గణితములో ఆసక్తి గలవాడు. అడ్డదిడ్డముగా పేర్చిన అట్లను గరిటెతో తిరగవేస్తూ పరిమాణము ప్రకారము అమర్చడానికి ఎన్ని తిరగవేతలు చాలునన్న సమస్యకు ఇతడు కనుగొన్న పరిష్కారము, ఆచార్యుడు క్రిస్టోస్ పాపడిమిట్రియుతో ఉమ్మడిగా 1979లో ప్రచురితమైనది. హార్వర్డ్‌లోనే స్టీవ్ బామర్‌తో పరిచయమేర్పడింది. పట్టా మాత్రము తీసుకోలేదు. 2007లో అదే విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

ఆల్టెయిర్ బేసిక్

పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక 1975 జనవరి సంచిక ముఖచిత్రముగా ఆల్టెయిర్ 8800 అనే యంత్రాన్ని ప్రచురించింది. న్యూ మెక్సికో రాష్ట్రములోని అల్బకర్కీ పట్టణములో ఎడ్ రాబర్ట్స్ నడుపుతున్న మిట్స్ అనే సంస్థ దీనిని విడిభాగాలుగా, 400 డాలర్లలోపు ధరకు అమ్మేది. కొన్నవారే అతికించుకోవాలి. కీబోర్డు లేదు, తెర లేదు. ముందుభాగాన ఉన్న మీటలను పైకీ కిందికీ వేస్తూ ఆదేశాలివ్వాలి, జవాబును చిన్న దీపాల వెలుగులో చదువుకోవాలి. అయినా ఒక వ్యక్తి సొంతముగా కొనుక్కోదగిన కంప్యూటరు అది. ఆ ఒక్క కారణముతోనే మిట్స్‌కు ఊహించనన్ని ఆర్డర్లు వచ్చాయి.

ఇటువంటి యంత్రము సామాన్యులకు ఉపయోగపడాలంటే వారు సులువుగా ఆదేశాలు వ్రాయగల భాష ఒకటి కావాలి. బేసిక్ అట్టి భాష. అందులో వ్రాసిన వాక్యాలను ఒక్కొక్కటిగా చదివి యంత్రానికి అర్థమయ్యే సంకేతాలుగా మార్చి నడిపే ప్రోగ్రామును ఇంటర్‌ప్రెటరు అంటారు. అప్పటికి బోస్టన్‌లో ఉద్యోగము చేస్తున్న అలెన్, హార్వర్డ్ విద్యార్థి గేట్స్ కలిసి తమవద్ద ఆల్టెయిర్ కోసము బేసిక్ సిద్ధముగా ఉన్నదని రాబర్ట్స్‌కు తెలియజేశారు. నిజానికి అప్పటికి ఒక్క పంక్తి కూడా వ్రాయలేదు. ఆల్టెయిర్‌ను గాని, దానిలోని ఇంటెల్ 8080 చిప్‌ను గాని వారు చూడనే లేదు. హార్వర్డ్ ప్రయోగశాలలోని పి.డి.పి.-10 యంత్రముపై 8080ని అనుకరించే పనిని అలెన్ చేయగా, ఇంటర్‌ప్రెటరులో ముఖ్యభాగమును గేట్స్ వ్రాశాడు. దశాంశ సంఖ్యల గణనకు సంబంధించిన భాగమును మోంటే డేవిడాఫ్ అనే మరొక విద్యార్థి వ్రాశాడు.

ప్రోగ్రాము నింపిన కాగితపు పట్టీని తీసుకొని అలెన్ అల్బకర్కీకి విమానములో బయలుదేరాడు. పట్టీని యంత్రములోకి ఎక్కించడానికి అవసరమైన చిన్న ప్రోగ్రామును మరచిపోయినట్లు దారిలో గుర్తుకు వచ్చి, విమానములోనే వ్రాశాడు. నిజమైన ఆల్టెయిర్‌పై ఆ బేసిక్ నడవడము అదే మొదటిసారి. రెండూ రెండూ కూడమని అడిగితే నాలుగు అని జవాబిచ్చింది. 1975 ఏప్రిల్ 4న గేట్స్, అలెన్ మైక్రోసాఫ్ట్ భాగస్వామ్యాన్ని అల్బకర్కీలో ప్రారంభించారు. మైక్రోకంప్యూటరు, సాఫ్ట్‌వేరు అన్న రెండు మాటల కలయికే ఆ పేరు.

బహిరంగ లేఖ

ఆల్టెయిర్ కొన్నవారు ఊరూరా సంఘాలుగా ఏర్పడి తమకు తెలిసినది ఒకరికొకరు చెప్పుకొనేవారు. కాలిఫోర్నియాలోని హోంబ్రూ కంప్యూటర్ క్లబ్ వీటిలో ప్రసిద్ధమైనది. బేసిక్ కాగితపు పట్టీ ఒకటి ఈ క్లబ్బు సభ్యుల చేతికి చిక్కి, నకళ్ళు తయారై, చేతులు మారసాగింది. యంత్రముతో కాక విడిగా కొనేవారికి బేసిక్ ఖరీదెక్కువగా ఉండడము ఒక కారణము. సాఫ్ట్‌వేరుకు ధర కట్టడమే వింతగా తోచే కాలము కావడము మరొక కారణము. అప్పటివరకు సాఫ్ట్‌వేరు యంత్రముతో పాటు వచ్చే వస్తువు, లేదా స్నేహితులు ఇచ్చిపుచ్చుకొనే వస్తువు.

1976 ఫిబ్రవరి 3వ తేదీతో గేట్స్ వీరందరినీ ఉద్దేశించి బహిరంగ లేఖ వ్రాశాడు. బేసిక్ తయారీకి వాడిన కంప్యూటరు కాలము విలువ 40,000 డాలర్లకు పైబడిందని, ఆల్టెయిర్ యజమానులలో పదిశాతము మంది కూడా బేసిక్‌ను కొనలేదని, వచ్చిన రాబడిని పనిచేసిన గంటలతో భాగిస్తే గంటకు రెండు డాలర్లు కూడా దక్కలేదని అందులో లెక్క చెప్పాడు. వారిలో అధికులు చేస్తున్నది దొంగతనమేనన్నాడు. ప్రతిఫలము లేకుండా మంచి సాఫ్ట్‌వేరును ఎవరు వ్రాస్తారన్నది లేఖ సారాంశము. అప్పటికి ఇతని వయసు ఇరవై ఏళ్ళు.

ఈ లేఖపై తీవ్రమైన ప్రతిస్పందన వచ్చింది. ఆ 40,000 డాలర్ల కంప్యూటరు కాలము ప్రజాధనముతో నడిచే హార్వర్డ్ యంత్రానిది కదా అని కొందరు ఎత్తిపొడిచారు. ఆ యంత్రాన్ని సొంత వ్యాపారానికి వాడుకొన్న విషయమై విశ్వవిద్యాలయము కూడా గేట్స్‌ను సంజాయిషీ అడిగింది. ప్రోగ్రాము వ్రాసినవానికి ప్రతిఫలము దక్కాలన్న గేట్స్ వాదనలో న్యాయము లేకపోలేదు. అయితే సాఫ్ట్‌వేరు పంచుకోదగినదన్న క్లబ్బువారి వాదన కూడా నశించలేదు. ఉచిత సాఫ్ట్‌వేరు ఉద్యమము, లినక్స్, ఎవరైనా వ్రాయగల విజ్ఞాన సర్వస్వాలు ఆ రెండవ దారిలో వచ్చినవే. కంప్యూటరు చరిత్ర చదివే విద్యార్థులు ఈ లేఖను ఒక్కసారైనా చదవడము మంచిది. ఒక పుటకు మించదు.

ఐ.బి.ఎం. ఒప్పందము

మిట్స్ సంస్థ చేతులు మారిన తరువాత, 1977లో జరిగిన మధ్యవర్తిత్వములో బేసిక్‌పై హక్కు మైక్రోసాఫ్ట్‌కే దక్కింది. ఆపిల్, కొమొడోర్, రేడియోషాక్ వంటి సంస్థలు తమ యంత్రాల కోసము ఈ బేసిక్‌ను తీసుకొన్నాయి. 1979 ఆరంభములో సంస్థ సియాటిల్ సమీపములోని బెల్‌వ్యూకు తరలివచ్చింది. 1980లో బామర్ ఇందులో చేరాడు.

ఆ సంవత్సరమే, పెద్ద కంప్యూటర్లకు పేరెన్నికగన్న ఐ.బి.ఎం. ఒక చిన్న కంప్యూటరును ఏడాదిలోగా విపణిలోకి తేవాలని రహస్యముగా నిశ్చయించింది. అంత త్వరగా అన్నీ సొంతముగా తయారు చేయడము అసాధ్యము గనుక విడిభాగాలనూ, సాఫ్ట్‌వేరునూ బయటివారి నుండి కొనదలచింది. ప్రోగ్రామింగు భాషల కోసము మైక్రోసాఫ్ట్‌ను సంప్రదించింది. ఆపరేటింగ్ సిస్టమ్ (యంత్రములోని డిస్కులను, తెరను, ఇతర ప్రోగ్రాములను అదుపులో ఉంచే మూల సాఫ్ట్‌వేరు) మైక్రోసాఫ్ట్ వద్ద లేదు. అందుకని గేట్స్ వారిని డిజిటల్ రీసెర్చ్ సంస్థకు చెందిన గ్యారీ కిల్డాల్ వద్దకు పంపాడు. కిల్డాల్ రూపొందించిన సి.పి./ఎం. అప్పటి చిన్న కంప్యూటర్లలో విస్తారముగా వాడుకలో ఉండేది. ఆ చర్చలు ఫలించలేదు. ఎందుకు ఫలించలేదన్న విషయముపై భిన్న కథనాలున్నవి. ఐ.బి.ఎం. తిరిగి గేట్స్ వద్దకే వచ్చింది.

సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే చిన్న సంస్థలో టిమ్ పాటర్సన్ అనే ఇంజనీరు సి.పి./ఎం. తరహాలోనే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ వ్రాసి ఉన్నాడు. దానిని వాడుకొనే హక్కుకు 1980 డిసెంబరులో 25,000 డాలర్లు, పూర్తి యాజమాన్యానికి 1981 జూలైలో మరొక 50,000 డాలర్లు మైక్రోసాఫ్ట్ చెల్లించింది. కొనుగోలు వెనుక ఐ.బి.ఎం. ఉన్నదని అమ్మినవారికి చెప్పలేదు. వారు తరువాత దావా వేయగా, మైక్రోసాఫ్ట్ మరికొంత సొమ్మిచ్చి రాజీ చేసుకొన్నది. ఇదే ఎం.ఎస్.-డాస్‌గా ప్రసిద్ధి పొందింది.

ఈ వ్యవహారములో గేట్స్ చూపిన అసలైన దూరదృష్టి కొనుగోలులో కాదు, అమ్మకములో ఉన్నది. ఐ.బి.ఎం. నుండి పెద్ద మొత్తము ఆశించక, అదే సాఫ్ట్‌వేరును ఇతరులకూ ఇచ్చే హక్కును నిలుపుకొన్నాడు. యంత్రములోనే లాభమున్నదని నమ్మిన ఐ.బి.ఎం. ఇందుకు అడ్డు చెప్పలేదు. మైక్రోసాఫ్ట్ పేరు చర్చకు వచ్చినపుడు జాన్ ఓపెల్ అది మేరీ గేట్స్ కుమారుని సంస్థ కదా అని గుర్తించాడని చెబుతారు. ఈ పరిచయము ఒప్పందానికి ఎంతవరకు తోడ్పడినదో తేల్చడము కష్టము.

ఐ.బి.ఎం. పి.సి. 1981 ఆగస్టు 12న విడుదలైనది. డాస్ ధర సుమారు 40 డాలర్లు కాగా, ఆలస్యముగా వచ్చిన సి.పి./ఎం. ధర 240 డాలర్లు. కొనుగోలుదారులు దేనిని ఎంచుకొన్నారో చెప్పనక్కరలేదు. కొద్దికాలానికే కాంపాక్ మొదలైన సంస్థలు ఐ.బి.ఎం. యంత్రాన్ని పోలిన యంత్రాలను తయారు చేయసాగాయి. యంత్రము ఎవరిదైనా అందులో డాస్ ఉండవలసినదే, ప్రతి యంత్రానికీ మైక్రోసాఫ్ట్‌కు రుసుము చేరవలసినదే. యంత్రాల ధరలు పోటీవల్ల పడిపోతుండగా సాఫ్ట్‌వేరు యజమాని మాత్రము సంపన్నుడయ్యాడు.

విండోస్, న్యాయస్థానములు

క్యాన్సరుకు చికిత్స పొందిన పాల్ అలెన్ 1983లో సంస్థ బాధ్యతల నుండి తప్పుకొన్నాడు (ఇతడు 2018లో మరణించాడు). బొమ్మలూ, మౌసూ ఉపయోగించి పనిచేసే విండోస్ తొలిరూపము 1985 నవంబరులో వెలువడింది గాని, ఆదరణ పొందినది 1990 నాటి విండోస్ 3.0 మాత్రమే. 1986 మార్చి 13న మైక్రోసాఫ్ట్ వాటాలు ప్రజలకు అమ్మకానికి వచ్చాయి. మరుసటి ఏడాదే, 31 ఏళ్ళ వయసులో, గేట్స్ వంద కోట్ల డాలర్ల ఆస్తిపరుడయ్యాడు. 1995 ఆగస్టులో విడుదలైన విండోస్ 95తో సంస్థకు ఎదురులేకుండా పోయింది.

అదే సంవత్సరము ఇంటర్నెట్ ప్రాముఖ్యమును గురించి గేట్స్ తన అధికారులకు సుదీర్ఘమైన లేఖ వ్రాసి సంస్థ దిశను మార్చాడు. నెట్‌స్కేప్ బ్రౌజరుకు పోటీగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును విండోస్‌తో కలిపి ఉచితముగా ఇవ్వడము పెద్ద వ్యాజ్యానికి దారితీసింది. 1998 మే 18న అమెరికా ప్రభుత్వమూ, పలు రాష్ట్రాలూ గుత్తాధిపత్య నిరోధక చట్టము క్రింద దావా వేశాయి. గేట్స్ వాంగ్మూలాన్ని చిత్రీకరించి న్యాయస్థానములో ప్రదర్శించారు. సామాన్యమైన పదాల అర్థాలపై కూడా వాదిస్తూ, గుర్తులేదని పదేపదే చెబుతూ కనిపించిన గేట్స్, అందరూ ఎరిగిన చురుకైన సంస్థాధిపతికి భిన్నముగా ఉన్నాడు. 2000 జూన్‌లో న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ మైక్రోసాఫ్ట్‌ను రెండు సంస్థలుగా విడదీయాలని తీర్పునిచ్చాడు. 2001లో అప్పీలు న్యాయస్థానము విభజన ఆజ్ఞను కొట్టివేసినా, సంస్థ తన గుత్తాధిపత్యాన్ని అక్రమ పద్ధతులలో కాపాడుకొన్నదన్న నిర్ణయాన్ని మాత్రము నిలిపింది. వ్యాజ్యము రాజీతో ముగిసింది. ఐరోపా సమాఖ్య 2004లో 49.7 కోట్ల యూరోల జరిమానా విధించింది.

ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవిని గేట్స్ 2000 జనవరిలో బామర్‌కు అప్పగించాడు. 2008 జూన్‌లో దైనందిన బాధ్యతల నుండి విరమించాడు. 2014 ఫిబ్రవరిలో, హైదరాబాదులో పుట్టి బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదువుకొన్న సత్య నాదెళ్ళ ఆ పదవిని చేపట్టినపుడు గేట్స్ అధ్యక్ష స్థానమును వదలుకొన్నాడు. 2020 మార్చిలో సంస్థ బోర్డు నుండి కూడా తప్పుకొన్నాడు.

దాతృత్వము

1994 జనవరి 1న గేట్స్ తన సంస్థలోనే పనిచేస్తున్న మెలిండా ఫ్రెంచ్‌ను వివాహమాడాడు. అదే ఏడాది జూన్‌లో తల్లి మేరీ రొమ్ము క్యాన్సరుతో మరణించింది. తొలి ధర్మసంస్థ ఏర్పడినది కూడా ఆ సంవత్సరమే. దాని వ్యవహారాలను తండ్రి చూసేవాడు. అమెరికా గ్రంథాలయాలకు కంప్యూటర్లు అందించే మరొక సంస్థను 1997లో నెలకొల్పారు. ఈ రెండూ 2000లో విలీనమై బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్‌గా రూపొందాయి.

కంప్యూటర్ల నుండి టీకాల వైపు దృష్టి మళ్ళడానికి ఒక వార్తాకథనము కారణమని గేట్స్ దంపతులు చెబుతారు. సంపన్న దేశాలలో ప్రాణాపాయము కాని నీళ్ళ విరేచనాలతో పేద దేశాలలో ఏటా లక్షలాది శిశువులు మరణిస్తున్నారని 1997లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన వ్యాసమది. పసిపిల్లల అతిసారానికి రోటా వైరస్ ఒక ప్రధాన కారణము. ధనికుల బిడ్డలకు ఉన్న టీకా పేదల బిడ్డలకు చేరకపోవడానికి కారణము విజ్ఞానలోపము కాదు, కొనేవారు లేకపోవడము. ఈ లోటును పూరించడానికి ఏర్పడిన గావి అనే అంతర్జాతీయ టీకా కూటమికి ఫౌండేషన్ తొలి విరాళముగా 75 కోట్ల డాలర్లు ప్రకటించింది. దేశాల అవసరాలను కూడగట్టి పెద్ద మొత్తములో కొనుగోలుకు హామీ ఇస్తే తయారీదారులు ధర తగ్గిస్తారన్నది గావి సూత్రము.

2006లో పెట్టుబడిదారు వారెన్ బఫెట్ అప్పటి విలువ ప్రకారము సుమారు 3,100 కోట్ల డాలర్ల వాటాలను దశలవారీగా ఫౌండేషన్‌కు ఇస్తానని ప్రకటించాడు. సంపన్నులు తమ ఆస్తిలో సగమైనా దానము చేయాలని కోరుతూ 2010లో "గివింగ్ ప్లెడ్జ్" ప్రారంభమైనది. పోలియో నిర్మూలన ఉద్యమానికి ఫౌండేషన్ పెద్దఎత్తున సహాయపడింది. భారతదేశములో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైనది. ఈ విజయములో ఇంటింటికీ తిరిగి చుక్కలు వేసిన లక్షలాది కార్యకర్తల శ్రమ, భారత ప్రభుత్వ వ్యయము ప్రధానమైనవి. విదేశీ వ్రాతలలో ఇవి తరచు మరుగున పడుతుంటాయి.

తెలుగునేలతో సంబంధము

1997లో గేట్స్ భారతదేశానికి వచ్చినపుడు అప్పటి ఆంధ్ర ప్రదేశ్ ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు ఢిల్లీలో ఇతనిని కలిసి, హైదరాబాదులో మైక్రోసాఫ్ట్ కేంద్రాన్ని నెలకొల్పాలని కోరాడు. 1998లో ఆ కేంద్రము ప్రారంభమైనది. తరువాతి కాలములో అది సంస్థకు అమెరికా వెలుపల ఉన్న అతిపెద్ద అభివృద్ధి కేంద్రాలలో ఒకటిగా ఎదిగింది. గేట్స్ 2002 నవంబరులోనూ, కేంద్రానికి పాతికేళ్ళు నిండిన సందర్భములో 2024 ఫిబ్రవరిలోనూ దానిని సందర్శించాడు. 2017 నవంబరులో విశాఖపట్నములో జరిగిన వ్యవసాయ సాంకేతిక సదస్సుకు హాజరైనాడు.

తెలుగు చదువరులకు మరొక విధముగానూ మైక్రోసాఫ్ట్ పరిచితమే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.తో గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. అయితే సంక్లిష్ట లిపులకు సంబంధించిన అమరికను విడిగా చేసుకోవలసి వచ్చేది. అది తెలియనివారికి తెలుగు పుటలలో ఒత్తులు చెదరి, కొన్నిచోట్ల డబ్బాలు మాత్రమే కనిపించేవి.

దాతృత్వము విషయములో ఈ సంబంధము ఇంకా లోతైనది, వివాదాస్పదము కూడా. ఫౌండేషన్ నిధులతో పాత్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ నడిపిన బాలల టీకాల కార్యక్రమము 2000ల తొలి సంవత్సరాలలో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వముతో కలిసి పసిపిల్లలకు హెపటైటిస్-బి టీకాలను ప్రవేశపెట్టింది. 2003లో మొదలైన ఆవాహన్ అనే ఎయిడ్స్ నివారణ కార్యక్రమానికి ఎంచుకొన్న ఆరు రాష్ట్రాలలో ఆంధ్ర ప్రదేశ్ ఒకటి. దీనికి ఫౌండేషన్ 25.8 కోట్ల డాలర్లు కేటాయించి, కొన్నేళ్ళ తరువాత బాధ్యతను క్రమముగా ప్రభుత్వానికి అప్పగించింది.

2009 జూలైలో ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుండి 14 ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే హెచ్.పి.వి. టీకాలు వేయనారంభించారు. ఫౌండేషన్ ధనసహాయముతో పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలిసి చేపట్టిన అధ్యయనమిది. ఇటువంటిదే గుజరాత్‌లోని వడోదరలోనూ జరిగింది. ఖమ్మములో ఇంచుమించు 14,000 మంది బాలికలకు టీకాలు వేశారు. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, వసతిగృహాల్లో ఉండి చదువుకొనే గిరిజన బాలికలు. రెండు రాష్ట్రాలలో కలిపి ఏడుగురు బాలికలు మరణించినట్లు వెల్లడి కావడముతో 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము కార్యక్రమాన్ని నిలిపివేసింది.

విచారణ సంఘము ఆ మరణాలకు టీకాతో సంబంధము ఉండే అవకాశము దాదాపు లేదని తేల్చింది. నీట మునగడము, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటివి కారణాలుగా నమోదైనాయి. ఈ విషయాన్ని స్పష్టముగా చెప్పడము అవసరము. టీకావల్ల బాలికలు చనిపోయారన్న ప్రచారము ఇంకా సాగుతూనే ఉన్నది. అదే సమయములో సమ్మతి సేకరించిన తీరులో తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. తల్లిదండ్రులకు బదులుగా వసతిగృహ సంరక్షకులు 2,763 సమ్మతి పత్రాలపై సంతకాలు చేశారని, మరెన్నో పత్రాలపై వేలిముద్రలు మాత్రమే ఉన్నాయని 2013 ఆగస్టు నాటి పార్లమెంటరీ స్థాయీ సంఘపు నివేదిక పేర్కొన్నది. పాత్ సంస్థనూ, అనుమతులిచ్చిన ప్రభుత్వ విభాగాలనూ తీవ్రముగా తప్పుపట్టింది. ఇది ఔషధ ప్రయోగము కాదని, అప్పటికే అనుమతి పొందిన టీకాను ప్రజలకు చేర్చే పద్ధతులపై అధ్యయనమని పాత్ వాదించింది. టీకా మంచిదా కాదా అన్నది ఒక ప్రశ్న, దానిని తమ బిడ్డకు వేయడానికి ఆ తల్లిని అడిగారా అన్నది మరొక ప్రశ్న. ఖమ్మము ఉదంతములో మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు రెండవదానికి చెల్లదు.

ఇందుకు భిన్నమైన అనుభవము రోటావాక్ టీకాది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో 1980లలో నవజాత శిశువుల నుండి వేరుచేసిన రోటా వైరస్ రకము ఆధారముగా హైదరాబాదులోని భారత్ బయోటెక్ దీనిని అభివృద్ధి చేసింది. భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగము, పాత్, గేట్స్ ఫౌండేషన్ తోడ్పడ్డాయి. ఒక్కొక్క మోతాదు ఒక డాలరుకే అందజేస్తామని సంస్థ ప్రకటించింది. 2013లో వెల్లడైన ఫలితాల ప్రకారము తీవ్రమైన రోటా వైరస్ అతిసారమును తొలి ఏడాదిలో సుమారు 56 శాతము తగ్గించింది. 2016లో జాతీయ టీకా కార్యక్రమములో దీనిని తొలుత ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్ర ప్రదేశ్ ఒకటి. 1997 నాటి వ్యాసము గేట్స్‌ను కదిలించిన వ్యాధికే టీకా హైదరాబాదు నుండి వెలువడింది.

ఇతర విమర్శలు

ప్రపంచ ఆరోగ్య సంస్థకు స్వచ్ఛంద విరాళాలిచ్చే అతిపెద్ద దాతలలో గేట్స్ ఫౌండేషన్ ఒకటి. ఎవరి ఓటుతోనూ ఎన్నిక కాని ఒక కుటుంబము ప్రపంచ ఆరోగ్య ప్రాధాన్యాలను నిర్ణయించడము తగునా అని పలువురు ప్రజారోగ్య నిపుణులు ప్రశ్నించారు. అమెరికాలో చిన్న పాఠశాలల పథకము ఆశించిన ఫలితాలివ్వలేదని ఫౌండేషనే అంగీకరించి విరమించింది. 2021లో కరోనా టీకాల మేధోహక్కులను సడలించాలన్న కోరికను గేట్స్ మొదట వ్యతిరేకించడము విమర్శకు గురైనది. నాణ్యత గల కర్మాగారాలు లేకుండా హక్కులు సడలించినంత మాత్రాన టీకాలు రావన్నది ఇతని వాదన. 1976 నాటి లేఖను ఎరిగినవారికి ఈ వైఖరి కొత్తగా తోచలేదు. కొద్దివారాలకు ఫౌండేషన్ తన వైఖరిని మార్చుకొని, కరోనా కాలము వరకు సడలింపును సమర్థించింది. కరోనా కాలములో ఇతనిపై ప్రచారములోకి వచ్చిన కుట్ర కథనాలకు ఆధారములేవీ లేవు.

లైంగిక నేరాలలో శిక్షపడిన జెఫ్రీ ఎప్‌స్టీన్‌ను 2011 నుండి పలుమార్లు కలవడము పెద్ద తప్పిదమని గేట్స్ 2021లో బహిరంగముగా అన్నాడు. ఆ ఏడాది మే నెలలో గేట్స్ దంపతులు విడాకుల నిర్ణయాన్ని ప్రకటించారు. ఆగస్టులో విడాకులు ఖరారయ్యాయి. వీరికి ముగ్గురు సంతానము. మెలిండా 2024 జూన్‌లో ఫౌండేషన్ నుండి వైదొలగింది. సంస్థ పేరు గేట్స్ ఫౌండేషన్‌గా మారింది.

పురస్కారాలు, రచనలు

భారత ప్రభుత్వము 2015లో గేట్స్ దంపతులకు పద్మభూషణ్ పురస్కారమిచ్చింది. 2016లో అమెరికా అధ్యక్షుని స్వాతంత్ర్య పతకము లభించింది. వాతావరణ మార్పు సమస్యపై కూడా కృషి చేస్తూ, అణువిద్యుత్ రంగములో టెర్రాపవర్ అనే సంస్థను స్థాపించినవారిలో ఇతడొకడు. "ద రోడ్ అహెడ్" (1995), "హౌ టు అవాయిడ్ ఎ క్లైమేట్ డిజాస్టర్" (2021) ఇతని రచనలలో ముఖ్యమైనవి. బాల్యము నుండి మైక్రోసాఫ్ట్ తొలినాళ్ళ వరకు గల ఆత్మకథ "సోర్స్ కోడ్" 2025 ఫిబ్రవరిలో వెలువడింది.

2025 మే 8న గేట్స్ తన మిగిలిన సంపదలో దాదాపు అంతటినీ రానున్న ఇరవై ఏళ్ళలో ఖర్చు చేస్తానని ప్రకటించాడు. ఈ కాలములో ఫౌండేషన్ 20,000 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి, 2045 డిసెంబరు 31న మూతపడుతుంది. అంతకు నెలరోజుల ముందు, మైక్రోసాఫ్ట్ యాభై ఏళ్ళ సందర్భముగా, ఆల్టెయిర్ బేసిక్ మూల ప్రోగ్రామును ఎవరైనా ఉచితముగా దింపుకొని చదువుకొనేలా గేట్స్ తన వెబ్‌సైటులో ఉంచాడు. అది 157 పుటలున్నది.